బాబాయి ముఖంలో రెండో సగం

ఆ వారం నేను చెయ్యాల్సిన పనులు ఇవి. పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు రాసివ్వడం. బంధువులందరికీ ఫోన్లు చెయ్యడం, చేసినవాళ్లకే మళ్లీ చెయ్యడం. పెద్దాసుపత్రిలో పేరు తెలియని రోగులుండే వార్డు చూసి రావడం, మనసు ఒప్పకపోయినా దాని వెనకున్న గది కూడా చూసి రావడం. బాబాయి మందుల చీటీ జిరాక్స్ తీయించడం. పిన్ని చేత ఓ ముద్దైనా తినిపించడం. ఫోన్‌లో చార్జింగ్ అయిపోకుండా చూసుకోవడం. బాబాయి ఫోటో ఒకటి వెతకడం. పోస్టరు చెయ్యడం. ఊరంతా అంటించడం.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. అందుకని అక్షరంతో పనిబడ్డ ప్రతిదీ నా ఒళ్లో వచ్చి పడుతుంది. కరెంటు బిల్లు తప్పొచ్చినా నేనే, మందు సీసా మీద రాసింది చదవాలన్నా నేనే. ఇది విసుగుతో అంటున్న మాట కాదు. చదివించింది వాళ్లే కదా.

బాబాయి అంటే మా నాన్నకి సొంత తమ్ముడు. కింది వాటాలో మేము, పై వాటాలో బాబాయీ పిన్నీ. వాళ్లకి పిల్లల్లేరు. బాబాయి తలుపులు బిగించే పని చేసేవాడు. కొత్త ఇళ్లకీ ఆఫీసులకీ తలుపులు నిలబెట్టి, మడతబందులు వేసి, ఎక్కడా పట్టకుండా, ఎక్కడా కిర్రుమనకుండా చేసి ఇచ్చేవాడు. ఎవరింటికి వెళ్లినా ముందు తలుపు రెండుసార్లు తీసి, వేసి, మడతబందు దగ్గర చెవి పెట్టేవాడు. "మనుషుల కంటే ముందు తలుపుని పలకరిస్తాడు మీ బాబాయి" అని అమ్మ ఎగతాళి చేసేది. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట చిన్న స్క్రూడ్రైవరు, దాని పక్కన చెవిలో మందు వేసుకునే సీసాలో నూనె.

నా డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఆయనకి పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ నెమ్మదిగా దారికొచ్చాయి. మాట రాలేదు. ఒకే ఒక్క మాట మిగిలింది: "వచ్చేస్తా." ఆకలేస్తోందా అంటే వచ్చేస్తా. నీ పేరేంటంటే వచ్చేస్తా. కోపం వస్తే అదే మాట గట్టిగా. ముఖం కుడివైపు జారిపోయింది. కుడి కన్ను సగం వాలి ఉండేది, మూతి కుడి కొస కిందికి లాగినట్టుండేది. ఎవరైనా ఇంటికొస్తే చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకునేవాడు. అంత అందగాడేం కాదు గానీ, అంతకుముందు ఆయనకి అలాంటి సిగ్గు ఉండేది కాదు.

ఒకరోజు పొద్దున పిన్ని డాబా మీద బట్టలు ఆరేస్తుంటే కిందినుంచి "వచ్చేస్తా" అని వినిపించింది. అది ఎప్పుడూ వినిపించే మాటే. ఆమె దిగొచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. బాబాయి లేడు.

*

నేను పనిచేసేది బోర్డులూ స్టిక్కర్లూ చేసే షాపులో. కంప్యూటర్లో బొమ్మ గీస్తే, ఆ గీతల వెంబడే సన్నటి బ్లేడు నడిచి ప్లాస్టిక్ షీటుని కోస్తుంది. చేరిన మొదటిరోజే ఓనరు గారు నాకు పని నేర్పేశారు.

"ఫోటో అంటే ఇసుక పోసి దిద్దిన బొమ్మమ్మా. రేణువు రేణువుకీ ఒక రంగు. చిన్నగా ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. పెద్దది చేశావనుకో, ఇసుకేం పెరగదు, రేణువులే లావెక్కుతాయి. గళ్లు గళ్లుగా కనబడుతుంది. మన పని అది కాదు. మనది వెక్టర్. అందులో బొమ్మ ఉండదు, బొమ్మ గీసే లెక్క ఉంటుంది. ఇక్కడ మొదలుపెట్టు, ఇంత వంపు తిరుగు, అక్కడ ఆగు. అగ్గిపెట్టె మీద వేసినా అదే లెక్క, నాలుగంతస్తుల గోడ మీద వేసినా అదే లెక్క. అంచు చెక్కుచెదరదు."

"మరి ఆ లెక్క ఎవరు చెప్తారు సార్?" అన్నాను.

"నువ్వే చెప్తావు. దానికే జీతం."

నాకు ఆ పని నచ్చింది. మురికి ఫోటోలో నుంచి శుభ్రమైన గీత లాగడంలో ఒక తృప్తి ఉంది. ఎవరో చిరిగిపోయిన పాత అట్టపెట్టె తెచ్చి దీని మీది గుర్తు కావాలంటారు. దాన్ని స్కాన్ చేసి, పెద్దది చేసి, గళ్ల మధ్య గీత ఎక్కడ ఉండి ఉంటుందో ఊహించి, చుక్కలు పెట్టి, చుక్కల మధ్య వంపు లాగుతాను. ఎడమ కుడి ఒకేలా ఉండే గుర్తైతే సగమే గీస్తాను. ఆ సగాన్ని నకలు తీసి, అద్దంలోలా తిప్పి, పక్కన అతికిస్తే బొమ్మ పూర్తవుతుంది. మా పనిలో అందరూ చేసేదే. సగం కష్టం, రెట్టింపు శుభ్రం.

*

బాబాయి ఫోటో దొరకడమే గగనమైంది. గుర్తింపు కార్డులో ఉన్నది ఎప్పటిదో, గుబురు మీసంతో. పోలీసులకి అదే ఇచ్చాం. పక్షవాతం తరవాత తీసింది ఒకటే ఉంది. నా పట్టా ఇచ్చిన రోజు, కాలేజీ గేటు ముందు అందరం నిలబడి దిగాం. ఆ తీసినతను ఎవరో దూరంగా నిలబడి ఫోన్లో తీశాడు. అందరూ ముందుకి చూస్తున్నారు, బాబాయి తప్ప. ఆయన ఓ చివర నిలబడి గేటు మడతబందు వంక చూస్తున్నాడు. ముఖం అలుక్కుపోయింది. పైగా గేటు స్తంభం నీడ కుడి సగం మీద పడింది. ముఖమంతా కలిపి నా చిటికెనవేలి గోరంత.

పెద్దది చేసి చూశాను. గళ్లు. ఎడమ సగంలో లేత గోధుమరంగు గళ్లు, కుడి సగంలో నల్లవి, వాటి మధ్య అక్కడక్కడా బూడిదరంగువి.

"ఇది ప్రింటు వేస్తే ఎవరో గోడకి సున్నం కొట్టినట్టుంటుంది," అన్నారు ఓనరు గారు, నా కుర్చీ వెనక నిలబడి. "నువ్వు గీసెయ్యి తల్లీ. షీటు నేనిస్తాను, ఎంత పెద్దదైనా సరే. ఊరి మధ్యలో రోడ్డు అవతలినుంచి కనబడాలి."

మధ్యాహ్నం పిన్ని వచ్చింది. ఆమె మా షాపుకి రావడం అదే మొదటిసారి. చెప్పులు బయటే విడిచి, ఏసీ చలికి పమిట నిండా కప్పుకుని, నా పక్కన స్టూలు మీద కూర్చుంది.

"ఇదేంటే, ఇందులో ఆయనెక్కడ?"

"ఇదే పిన్నీ. బాగా దగ్గరికి లాగాను, అందుకని తెలియట్లేదు. గీస్తున్నాను."

"ఆ మూతి..." అని ఆగింది. వెనక్కి తిరిగి ఓనరు గారు వింటున్నారేమో చూసింది. "ఆ మూతి వంకర కనబడకుండా చూడు తల్లీ. ఎవరొచ్చినా రుమాలు అడ్డం పెట్టుకునే మనిషి. ఊళ్లో ప్రతి గోడ మీదా అలా పెట్టామని రేపు ఇంటికొచ్చాక తెలిస్తే ఊరుకుంటాడా?"

రేపు ఇంటికొచ్చాక అంది కదా. ఆ మాటే నాకు బలం ఇచ్చింది. ఎదురు చెప్పాలనిపించలేదు. చెప్పడానికి ఆధారమూ లేదు. కుడి సగం నిండా నల్ల గళ్లే. అక్కడ మూతి ఎక్కడ ఆగిందో, కన్ను ఎంత వాలిందో ఏ గడీ చెప్పట్లేదు. ఎడమ సగం మటుకు వెలుగులో ఉంది. కనుబొమ, చెంప ఎముక, చెవి తమ్మె, నోటి కొస. గీశాను. నకలు తీశాను. తిప్పాను. అతికించాను.

ఒక మనిషి లేచి కూర్చున్నాడు తెర మీద. నిండుగా, నిటారుగా, రెండు కళ్లతో నన్ను చూస్తున్నాడు.

"అబ్బా," అన్నారు ఓనరు గారు. "ఆ ఇసుకలోనుంచి మనిషిని తీశావమ్మా."

పిన్ని చాలాసేపు చూసింది. "పెళ్లప్పుడు ఇలాగే ఉండేవాడు" అంది. అంటూనే కళ్లు తుడుచుకుంది. ఆ మాట అప్పుడే నా చెవిలో గుచ్చుకుని ఉండాల్సింది.

*

బస్టాండు గోడ మీద, కూడలిలో, ఆసుపత్రి ఎదురుగా, మార్కెట్టు షట్టర్ల మీద అంటించాం. నలుపు తెలుపుల్లో నిలువెత్తు ముఖం. కింద నా నంబరు. నాన్న నిచ్చెన పట్టుకున్నాడు, నేను బుడగల్లేకుండా రుద్దాను. దూరం నుంచి చూస్తే నిజంగానే కళ్లు తిప్పుకోలేం.

ఫోన్లు మొదలయ్యాయి.

"హలో, ఈయన ఏ పార్టీ అండీ? మా వార్డులో నిలబడుతున్నాడా?"

"లేదండీ, మా బాబాయి. తప్పిపోయారు. కింద రాశాం కదా."

"అక్షరాలెవరు చదువుతారమ్మా, ముఖం చూసి ఫోన్ చేశా."

ఇంకొకాయన ఈ కళ్లద్దాల షాపు ఎప్పుడు తెరుస్తున్నారని అడిగాడు. బొమ్మలో కళ్లద్దాలే లేవు. చూశామని చెప్పినవాళ్లూ ఉన్నారు. నాన్న తన పనంతా వదిలేసి చెప్పిన చోటల్లా వెళ్లొచ్చేవాడు. నాన్న కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. బాగుచెయ్యని మిషన్లు ఇంటి ముందు గుట్ట పడ్డాయి. వెళ్లిన ప్రతిచోటా ఎవరో ఒక నిండైన ముఖం ఉన్నాయన, "నేను కాదండీ" అని నవ్వేవాడట. రాత్రి నాన్న వచ్చి చెప్పులు విప్పుతుంటే ఆ చప్పుడుని బట్టే తెలిసిపోయేది మాకు.

ఒక రోజు ఇంకో ఫోను.

"అమ్మా, ఆ పోస్టరు మీదేనా?"

"మాదేనండీ. చూశారా ఆయన్ని?"

"రోజూ చూస్తున్నానమ్మా. గడ్డం గీసుకునేటప్పుడు."

"ఏంటండీ?"

"అది నా ముఖమమ్మా తల్లీ! నేను నీళ్ల ఆఫీసులో గుమాస్తాని. తప్పిపోలేదు. రోజూ ఆఫీసుకెళ్తున్నాను, ఇంటికొస్తున్నాను. నిన్న బస్సులో ఓ పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, 'పద బాబూ, ఇంట్లోవాళ్లు ఏడుస్తుంటారు' అని దించేసింది. మా ఆవిడ నవ్వు ఆపట్లేదు. మీ బాధ మీకుందనుకోండి, కాదనను. కానీ నేనూ ఆఫీసుకి వెళ్లాలి కదా. ఒక్కసారి బస్టాండుకి రండి, మీరే చూడండి."

వెళ్లాను. గుమాస్తా గారు పోస్టరు పక్కన నిలబడి ఉన్నారు, టిఫిన్ డబ్బా పట్టుకుని, నేరం చేసినవాడిలా. అదే కనుబొమ, అదే చెంప, అదే నోటి కొస. రెండువైపులా. నేను వారం రోజులుగా ఊరంతా అంటించి వెతుకుతున్నది ఈయన్ని.

"క్షమించండి. మా బాబాయి ఇలా ఉండరు" అన్నాను.

అన్నాక నా మాట నాకే వినబడింది.

పక్కనే ప్రయాణికులు సామాన్లు దాచుకునే గది ఉంది. దాని కిటికీలో కూర్చున్నావిడ అంతా వింటోంది. గట్టి గొంతు.

"ఈయన కాదా? నేను రెండుసార్లు పట్టించబోయానే! ఎంత తిట్టుకున్నాడో పాపం. మరి మీవాడెలా ఉంటాడమ్మా?"

చెప్పాను. కుడి కన్ను సగం వాలి ఉంటుంది. మూతి కుడివైపు జారి ఉంటుంది. నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంటారు. ఏమడిగినా వచ్చేస్తా అంటారు.

ఆవిడ ముఖంలో రంగు మారింది. మాట నెమ్మదైంది.

"జేబులో స్క్రూడ్రైవరు ఉంటుందా?"

నేను కిటికీ ఊచ పట్టుకున్నాను.

ఆవిడ లేచి, తన గది తలుపు తీసింది. వేసింది. మళ్లీ తీసింది. "చప్పుడు వినబడిందా? వినబడదు. నేను చేరినప్పటినుంచీ ఈ తలుపు పిల్లిని తొక్కినట్టు అరిచేది. ఆయనే. నేను అడగలేదమ్మా. వచ్చాడు, చెవి పెట్టాడు, ఏదో బిగించాడు, ఇంత నూనె వేశాడు, పోయి కూర్చున్నాడు. టీ ఇస్తే తాగేవాడు."

"ఎక్కడ కూర్చున్నారు?"

ఆవిడ చెయ్యి చాపింది. పోస్టరు కిందున్న సిమెంటు బల్ల.

"ఆ బల్ల మీదే. మీ పోస్టరు పడ్డ మర్నాటినుంచీ, మూడు నాలుగు రోజులు. ఎక్కడికెళ్లాలి పెద్దాయనా అంటే వచ్చేస్తా అంటాడు. ఎవరికోసమో చూస్తున్నాడనుకున్నాం. ఆ పోస్టరు చూసి నేనే అడిగానమ్మా, 'ఈయన్నెక్కడైనా చూశావా పెద్దాయనా, పాపం తప్పిపోయాడంట' అని. పైకి చూశాడు. చాలాసేపే చూశాడు. వచ్చేస్తా అన్నాడు. ఓ మూల లేచిపోయుంటే బొటనవేలితో రుద్ది అంటించాడు కూడా."

గుమాస్తా గారు తన టిఫిన్ డబ్బా బల్ల మీద పెట్టి, నన్ను కూర్చోబెట్టారు. నేను ఆ బల్ల మీదే కూర్చున్నాను. తలెత్తితే పోస్టరు కింది మూల కనిపించింది. అక్కడ నేను రుద్దినదానికంటే గట్టిగా, నున్నగా అంటుకుని ఉంది.

"ఇప్పుడెక్కడున్నారు?"

"పై అధికారులెవరో వస్తున్నారని బల్లలన్నీ ఖాళీ చేయించారు. ఎవరూ లేనివాళ్లని వ్యానులో ఊరవతల ఆశ్రమానికి తీసుకెళ్లారు. ఆయనా ఎక్కాడు. ఎక్కేముందు వ్యాను తలుపు రెండుసార్లు వేసి చూశాడు. డ్రైవరు విసుక్కున్నాడు."

*

నాన్నా నేనూ ఆశ్రమానికి వెళ్లాం. దిగేటప్పుడు నాన్న, "వాడికి ఏం చెప్పాలో అనుకుంటున్నా. తిట్టాలా, ఏం చెయ్యాలి?" అన్నాడు. నవ్వుతున్నాడు. వారంలో నాన్న నవ్వడం అదే.

వార్డెను గారు నెమ్మదస్తుడు. గది నిండా దుప్పట్ల కట్టలు. నేను అలవాటుగా సంచిలోనుంచి పోస్టరు కాగితం తీసి ఆయన ముందు పరిచాను. పరిచాక గానీ నేనేం చేస్తున్నానో తెలియలేదు.

"ఈయన లేడమ్మా," అన్నారాయన. "ఇది ఊళ్లో చూశాను. చూసి మావాళ్లందరితో పోల్చుకున్నాను కూడా. ఇలాంటి మనిషి మా దగ్గరికి రాలేదు."

నాన్న దుప్పట్ల కట్ట మీద కూర్చుండిపోయాడు.

"అది కాదండీ, అది తప్పు. ఇది చూడండి." ఫోన్లో కాలేజీ ఫోటో తీశాను. బాబాయి కనబడాలని రెండు వేళ్లతో పెద్దది చేశాను. గళ్లు వచ్చాయి. ఇంకా పెద్దది చేశాను.

వార్డెను గారు నా వేళ్లు ఆపారు. "పెద్దది చేస్తే పోతున్నాడమ్మా. చిన్నగానే ఉంచు."

ఫోన్ తీసుకుని చెయ్యి బారంత చాపి, కళ్లు చికిలించి చూశారు. ఆ దూరంలో గళ్లన్నీ దగ్గరికి చేరిపోయాయి. నేను నీడ అనుకున్న నల్లటి సగంలో ఆ కాసిని బూడిదరంగు గళ్లు ఒక వాలిన కన్నయ్యాయి, ఒక జారిన నోరయ్యాయి. నాకూ కనబడింది, ఆయన భుజం మీదుగా. అవి మొదటినుంచీ అక్కడే ఉన్నాయి. ఫోటోకి తెలియదు ఏది చూపించాలో, ఏది దాచాలో. ముందున్నదాన్ని ముందున్నట్టు ఒక్కో గడిలో పోసి పెట్టుకుంది. నేను గీసినదాంట్లో నేను అనుకున్నది తప్ప ఇంకేదీ లేదు.

"వచ్చేస్తా గారు!" అన్నారు వార్డెను. "మా వచ్చేస్తా గారు! ఈయన మీవాడా?"

నాన్న లేచాడు. "ఎక్కడున్నాడండీ?"

ఆయన మమ్మల్ని బయటికి తీసుకెళ్లారు. పెద్ద ఇనప గేటు. ఒక వేలితో తోశారు. గేటు గాలికి కదిలినట్టు తెరుచుకుంది. చప్పుడు లేదు.

"ఈ గేటు తీస్తే వీధి చివరిదాకా వినబడేదండీ. అదే మాకు కాపలా. మతి సరిగ్గా లేనివాళ్లెవరైనా బయటికెళ్తే చప్పుడుకి పరిగెత్తుకొచ్చేవాళ్లం. ఈయన వచ్చిన దగ్గరనుంచీ దీని చుట్టూనే తిరిగాడు. అందరం మెచ్చుకున్నాం. భుజం తట్టాం." ఆయన గేటు మళ్లీ దగ్గరికి వేశారు. "నిన్న పొద్దున లేచి చూస్తే మంచం ఖాళీ. ఎవరికీ చప్పుడు వినబడలేదు."

నిన్న. నాన్న ఆ గేటు మడతబందు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. వేళ్లకి నూనె అంటింది. తుడుచుకోలేదు.

ఆ చుట్టుపక్కల అందర్నీ అడిగాం. ఈసారి ఫోటో చిన్నగానే చూపించాం, చెయ్యి చాపి. పంక్చర్లు వేసే అతను ఒక్క చూపులో గుర్తుపట్టి, లారీ ఎక్కాడన్నాడు. పండ్లమ్మే ఆవిడ నడుచుకుంటూ వెళ్లాడంది, ఎటో మటుకు చెప్పలేకపోయింది. ఇద్దరూ బాబాయినే చూశారు. అది నిజం. ఆ తరవాతేది నిజమో ఇప్పటికీ తెలియదు.

*

మర్నాడు షాపులో ఆ ఫోటో ఉన్నదున్నట్టు పెట్టాను. నీడ తియ్యలేదు, అంచు దిద్దలేదు.

"ఇదేంటమ్మా?" అన్నారు ఓనరు గారు. "ఇలా అలుక్కుపోయింది మన షాపు పేరుతో బయటికెళ్తే జనం ఏమనుకుంటారు?"

"షాపు పేరు తీసేద్దాం సార్."

జరిగిందంతా అప్పటికే ఆయనకి తెలుసు. మనిషిని తీశావని మెచ్చుకున్న మాట ఆయనకీ గుర్తుండే ఉంటుంది. కుర్చీ లాక్కుని ప్రింటరు ముందు తనే కూర్చున్నారు.

"సైజెంత?"

"అరచెయ్యంత. అంతకంటే పెద్దది వద్దు."

"ఎన్ని?"

"మీరు ఆపేదాకా."

పాత పోస్టర్లు నాన్నా నేనూ పీకేశాం. గుమాస్తా గారు కూడా సాయం పట్టారు. "నన్ను నేనే చించుకుంటున్నా" అన్నారు. నవ్వించాలనే అన్నారు పాపం. బస్టాండులోది మటుకు కింది మూల ఎంత గీకినా రాలేదు. అలాగే వదిలేశాం.

మొదటి కాగితం పిన్నికి ఇచ్చాను. ఆమె కిటికీ దగ్గరికి వెళ్లి చూసింది. నేను మాటలు కూడగట్టుకుంటున్నాను. మూతి కనబడుతోంది పిన్నీ, తప్పలేదు అని చెప్పాలి.

"ఇదీ ఆయన," అంది పిన్ని. వేలితో ఆ జారిన వైపు ముట్టుకుంది. "కనబడనీ. అందరికీ కనబడనీ." కాగితం నా వైపు తిప్పి, "చూశావా, నీ చదువు ఫోటోలో కూడా గేటు వంకే చూస్తున్నాడు. నీకు పట్టా వచ్చినందుకు కళ్లనీళ్లు పెట్టుకునేంత సంతోషపడిన మనిషి. అయినా తలుపే ముందు" అంది. ఆ పూట ఆమె అడక్కుండానే కంచం ముందు కూర్చుంది. రెండు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని, మెట్లు దిగి వీధి తలుపు తీసి పెట్టింది. ఇప్పటికీ పగలంతా అది తీసే ఉంటోంది. ఈ మధ్య వానలకి ఉబ్బి, కొంచెం కిర్రుమంటోంది. నాన్న నూనె వెయ్యబోతే పిన్ని వెయ్యనివ్వలేదు.

ఆ కాగితాలు పట్టుకుని వెళ్లగలిగినంత దూరం వెళ్తున్నాం. ఇంకా దొరకలేదు.

ఆ ఫోటో ఇక్కడ వెయ్యొచ్చు గానీ, ఎవరైనా పేజీ నిండా ఉండాలని పెద్దది చేస్తారేమోనని భయం. అందుకని చెప్తున్నాను, గుర్తుపెట్టుకోండి. యాభై దాటిన మనిషి. మీసం లేదు. కుడి కన్ను సగం వాలి ఉంటుంది, నోరు కుడివైపు కిందికి జారి ఉంటుంది. మీరు చూస్తే రుమాలు అడ్డం పెట్టుకుంటాడు, అప్పుడు కన్ను చూడండి. జేబులో స్క్రూడ్రైవరు ఉంటుంది. పేరడిగితే చెప్పడు. ఎక్కడికని అడిగితే వచ్చేస్తా అంటాడు. ఆ మాట నమ్మి వదిలెయ్యకండి. మీ ఇంటి తలుపో, షాపు తలుపో ఎవరో రెండుసార్లు తీసి వేసి, మడతబందు దగ్గర చెవి పెడితే, ఆయన్ని కసురుకోకండి. బాగుచెయ్యనివ్వండి. టీ ఇవ్వండి, తాగుతాడు. ఆయన బల్ల మీద కూర్చున్నాక మాకు కబురు చెయ్యండి. మా బాబాయిని గుర్తుపెట్టుకోండి.